ఊకెనే చూసిపోయే మనిషి

కరీమాబాదులోని గొట్టం మిల్లు మూతబడ్డాక గేటు పక్క గదిలో మిగిలింది కాపలాదారు ఉప్పలయ్య, అతని భార్య యాకమ్మ. పత్తి గింజ తీసి దూదిని బేళ్లు కట్టే మిల్లు అది. రైల్లో వచ్చేవాళ్లకు ఊరికంటే ముందు దాని పొగగొట్టం కనబడేది. అందుకే సేటు పెట్టుకున్న పేరు ఎవరి నోటా నిలవలేదు.

పేరుకు కాపలా ఉప్పలయ్యదే. కానీ ఏళ్ల తరబడి పత్తి నుసి పీల్చిన ఛాతీ అతన్ని మంచం దిగనిచ్చేది కాదు. నాలుగడుగులు వేస్తే దమ్ము వచ్చేది. కాబట్టి తాళాల గుత్తి యాకమ్మ బొడ్లోనే ఉండేది. ఆమె కూడా ఒకప్పుడు అదే మిల్లులో జిన్ను మిషన్లకు పత్తి అందించిన మనిషి. ఇప్పుడు ఆ షెడ్లకు తాళం ఉందా లేదా అని బయటి నుంచి చూసుకోవడమే గాని లోపల అడుగు పెట్టేది కాదు. ఆగిపోయిన మిషన్లను చూడబుద్ధయ్యేది కాదు.

ఊళ్లో ఒక్కో మిల్లూ మూతబడుతున్న రోజులవి. మూతబడ్డ చోటల్లా ముందు బల్బులు పోయేవి, ఆ తర్వాత వైర్లు, ఆ తర్వాత తలుపులు. గొట్టం మిల్లులో ఇంకా ఏదీ పోలేదంటే అది యాకమ్మ నోటి పుణ్యమేనని అందరూ అనేవాళ్లు. గోడ దగ్గర ఎవరైనా ఒంటికి కూర్చోబోయినా వాళ్ల ఏడు తరాలనూ కడిగి వదిలేది.

ఎనభై మూడు చివర, చలి ముదురుతున్నప్పుడు, ఒక గురువారం మధ్యాహ్నం ఒక మనిషి గేటుకు సైకిల్ ఆనించాడు. ఇస్త్రీ చొక్కా, నూనె రాసి దువ్విన తల, భుజాన గుడ్డ సంచి.

"అక్కా, లోపల జర చూసి రావొచ్చా?"

"ఏం జూస్తవ్?"

"ఏం లేదు. ఊకెనే."

"ఊకెనే చూసుటానికి ఇదేమన్న ఎగ్జిబిషనా? నడువ్."

"సరే అక్కా" అని ఆ మనిషి సైకిల్ తిప్పుకొని వెళ్లిపోయాడు.

అలా వెళ్లిపోవడమే యాకమ్మకు నచ్చలేదు. దొంగైతే బతిమాలతాడు, ఆఫీసరైతే గదమాయిస్తాడు. ఇతను రెండూ చేయలేదు. మళ్లీ గురువారం వచ్చాడు. అదే మాట అడిగాడు, కాదంటే అలాగే వెళ్లాడు. ఇంకో రెండుసార్లు కూడా అంతే. చివరికి యాకమ్మ, వీడి సంగతేమిటో తేల్చుకుందామని, సంచి చూపించమంది. అందులో టిఫిన్ గిన్నె, నీళ్ల సీసా, తుండుగుడ్డ ఉన్నాయి. గేటు తీసి, అతని వెనకే నడిచింది. మూతబడ్డాక ఆమె లోపలికి పోవడం అదే మొదటిసారి.

జిన్నింగు షెడ్డు గుమ్మంలో అతను చెప్పులు విడిచాడు. లోపల మిషన్ల వరస మీద దుమ్ము మందంగా పేరుకుంది. పైరేకుల సందుల్లోంచి ఎండ కింద పడుతోంది. అతను దేన్నీ ముట్టుకోలేదు. చేతులు వెనక్కి కట్టుకుని మెల్లగా ఆ చివరి దాకా నడిచాడు, ఆగి పైకి చూశాడు, తిరిగి వచ్చాడు. బేళ్లు కట్టే ప్రెస్సింగు షెడ్డులోనూ అంతే. చెప్పులు తొడుక్కుని "వస్త అక్కా" అని సైకిలెక్కాడు.

"ఏం తీస్కపోలేదా?" అన్నాడు ఉప్పలయ్య మంచంలోంచి.

"ఇయ్యాల తీస్కపోలే" అంది యాకమ్మ. "చూసిపోయిండు. ఏది యాడున్నదో మనసుల రాసుకొని పోయిండు."

ప్రెస్సింగు షెడ్డు అవతలి గోడ మిల్లు బయటి సందులోకి ఉంటుంది. ఆ గోడకు గోనెపట్టాలు కట్టుకుని, దాని నీడలో పదిమంది దాకా ఆడవాళ్లు బీడీలు చుట్టేవాళ్లు. అందరూ మిల్లు మూతబడి పని పోయినవాళ్లే. వాళ్లలో పెద్దది పూలమ్మ. సంగతి విని చాటలో ఆకు కత్తిరిస్తూనే తేల్చేసింది.

"లంకెబిందెల కోసమే వస్తాండు. కిల్లల కోటగోడలెంట తవ్వి తవ్వి ఏం దొరకకపాయె, ఇగ ఇటు వడ్డరు."

"లంకెబిందెలు కావక్కా" అంది ఒళ్లో పసిబిడ్డతో ఉన్న చిలుకమ్మ గొంతు తగ్గించి. "అడవిల అన్నల మనిషేమొ. దాసుకునేటందుకు జాగ చూసుకుంటాండేమొ."

ఉప్పలయ్యది ఇంకో లెక్క. "అన్నల మనిషి గాదు, అన్నలను వట్టిచ్చే మనిషి. సీఐడీ. గట్ల మెత్తగ మాట్లాడేటోళ్లంత సీఐడీలే."

చిలుకమ్మ మరిది కాజీపేటలో రైల్వే గ్యాంగుమన్. అతనితో ఆరా తీయించారు. మనిషి పేరు వెంకట్రాజం, స్టేషన్‌లో పార్సెల్ క్లర్కు, పెళ్లాం పిల్లలున్నారు, తాగుడు లేదు, చెయ్యి చాపడు. "కాని సెలవునాడు ఇంట్ల ఉండడట. యాడికి పోతడో ఆయన భార్యకు గూడ ఎర్కలేదట" అని చిలుకమ్మ చెప్పినప్పుడు, మిగతా మంచి అంతా కొట్టుకుపోయి ఆ ఒక్క మాటే అందరికీ మిగిలింది.

ఒకరోజు యాకమ్మ గేటు తీయకుండా ముఖం మీదే అడిగింది. "సారూ, నిజం చెప్పు. నీకు ఈ మిల్లుతోటి ఏం పని? మీ అయ్య ఇందుల పని జేసిండా?"

"లేదక్కా."

"మరి?"

వెంకట్రాజం సైకిల్ గంట మీద వేలు పెట్టి కాసేపు తంటాలు పడ్డాడు. అతనికీ ఆ మాట ఎవరికీ చెప్పిన అలవాటు లేనట్టుంది. "గిదొక్కటే కాదక్కా. తొర్రూరు తొవ్వల మూతవడ్డ బియ్యం మిల్లున్నది. ఘన్‌పూర్‌ల నూనె మిల్లున్నది. మా కాజీపేటల పాత రైలింజన్ల షెడ్లున్నయి. అన్నిటికి పోత. మనిషి చచ్చిపోతె ఆ ఇంటికి పోయి జరసేపు కూసొని వస్తం గద, గట్ల. ఇంతమంది పని జేసిన జాగ ఉత్తగ పడి ఉంటె, ఎవలన్న ఒకలు వచ్చి చూసిపోవాలె అనిపిస్తది. అంతే."

యాకమ్మకు లోపలెక్కడో చివుక్కుమంది. వెంటనే, ఇంత బాగా మాట్లాడుతున్నాడంటే ఎంత సాధన చేసి వచ్చాడో అనిపించింది. గేటు తీసింది గాని వెనక నడవడం మాత్రం మానలేదు.

ఎండాకాలంలో గుమాస్తా రాంచందర్ వచ్చాడు. సేటు సికింద్రాబాదులో ఉంటాడు. ఇక్కడి వ్యవహారమంతా రాంచందరే చూస్తాడు కాబట్టి అందరూ అతన్ని చిన్న సేటు అంటారు. వెంట లారీలు, మనుషులు. ప్రెస్సింగు షెడ్డు పైరేకులు విప్పారు, వాటి కిందున్న ఇనప దూలాలు దించారు. అన్నీ లారీలకెక్కించి తీసుకుపోయారు. షెడ్డుకు నాలుగు గోడలూ ఆకాశమూ మిగిలాయి.

"మల్ల కొత్త రేకులేస్తరా చిన్న సేటూ?" అంది యాకమ్మ.

"అన్ని నీకెందుకు? లోపలికి పిట్టను గూడ పోనియ్యకు. పోనిచ్చినట్టు ఎర్కైతె, ఈ అర్ర ఆనాడే ఖాళీ చెయ్యాలె" అన్నాడు రాంచందర్.

యాకమ్మకు అనుమానమొచ్చింది. వెంకట్రాజం మాట అతనికి తెలిసిందా? ఎవరు చెప్పి ఉంటారు? పూలమ్మా? చిలుకమ్మా? ఆ రోజంతా ఇద్దరి ముఖాల్లోనూ ఆ సంగతి వెతికింది. అయినా గురువారాలు గేటు తీయడం మానలేదు.

వానలు మొదలయ్యాక ఒక గురువారం, యాకమ్మ గుమ్మంలో నిలబడి చూస్తుండగా, వెంకట్రాజం షెడ్డులోంచి తొందరగా బయటికి వచ్చాడు. ఎప్పుడూ లేనిది, చెప్పులు చేత్తోనే పట్టుకుని.

"అక్కా, ప్రెస్సింగు గోడ సందు దిక్కుకు వంగుతాంది. ఆ బీడీలు చేసేటోళ్లను ఆడికెల్లి లేవగొట్టు."

ఇదా సంగతి, అనుకుంది యాకమ్మ. ఇన్నాళ్ల మెత్తదనం ఇందుకా. సందు ఖాళీ అయితే ఆ వైపు నుంచి బండి పెట్టుకోవచ్చు. మిషన్లు ఎత్తుకెళ్లినా అడిగే దిక్కుండదు.

"గోడ సంగతి నీకెందుకు సారూ? చూసుటానికి వచ్చినవ్, చూసి పో."

"ఒక్కసారి వచ్చి నువ్వే చూడు."

పొడుగు గోడా అడ్డగోడా కలిసే మూలకు తీసుకువెళ్లాడు. అక్కడ పైనుంచి కింద దాకా పగులు విడిచింది. "పోయిన వారం వేలు వెడల్పుండె. ఇయ్యాల చూడు" అన్నాడు. యాకమ్మ చెయ్యి పెట్టింది. మణికట్టు దాకా దిగింది. లోపల సున్నం తడితడిగా చేతికి అంటింది. చప్పున చెయ్యి లాక్కుని అతని చేతుల వైపు చూసింది. ఇటుకలు కెలికినవాడి గోళ్లు దాగవు. అతని గోళ్లు శుభ్రంగా ఉన్నాయి, బొటనవేలికి సిరా మరక తప్ప. అయినా, గడ్డపారతో పొడిస్తే గోళ్లకేమవుతుంది అనుకుంది.

ఆ రాత్రి నిద్రపట్టలేదు. అతను చెప్పింది అబద్ధమైతే సందు ఖాళీ చేయించిన పాపం తనది. నిజమైతే ఆ ఆడవాళ్లు... అక్కడితో ఆలోచన ఆపేసేది, మళ్లీ మొదటికొచ్చేది. తెల్లారి బజారులో రాంచందర్ కనబడితే, గోడ పగిలిందని మాత్రం చెప్పింది.

"లోపలికెందుకు పోయినవ్? ఎవలు చెప్పిన్రు నీకు?" అన్నాడతను వెంటనే.

"ఎవలు చెప్తరు? నేనే చూసిన."

"నలభై ఏండ్ల గోడ. నీకంటె గట్టిగున్నది. పో."

సందులోకి వెళ్లి పూలమ్మ ముందు కూర్చుంది. "అక్కా, గోడ మంచిగ లేదు. రేపటి నుంచి ఆ పక్క గేటు ముంగట కూసోండ్రి."

పూలమ్మ చేతిలో బీడీ ఆగింది. "సేటు చెప్పిండా లేవగొట్టుమని?"

"సేటెందుకు చెప్తడే?"

"జాగ అమ్ముతాండేమొ. మమ్ముల వెళ్లగొడితె నీకేమిస్తనన్నడు?"

చిలుకమ్మ కూడా తల ఎత్తలేదు. పక్క పక్కనే నిలబడి ఏళ్ల తరబడి పత్తి అందించినవాళ్లు ముగ్గురూ. యాకమ్మ వచ్చిన కోపమంతా మింగి ఇంటికి వచ్చింది. మరునాడు పొద్దున్నే, వాళ్లింకా చాటలు దింపుతుండగా, సందులో నిలబడి కెవ్వున అరిచింది.

"పాము! నాగుంబాము! గోడ కింది బొర్రల వడ్డది! నా కాలు మీదికెల్లి పోయిందే!"

గోడ వంగిందంటే కదలనివాళ్లు పామంటే చాటలతో సహా రోడ్డెక్కారు. బొర్రలో పొగ పెట్టిద్దామంది పూలమ్మ. వానకు తడిసిన పిడకలు అంటుకోవంది యాకమ్మ. గోనెపట్టాలు గేటు ముందుకు మారాయి. అబద్ధం అంత తేలిగ్గా వచ్చినందుకు ఆమెకే ఆశ్చర్యం వేసింది.

ముసురు వదలలేదు. ఆ వారంలోనే ఒక పొద్దున, ఆడవాళ్లు గేటు ముందు పట్టాల కింద ముడుచుకుని కూర్చున్నప్పుడు, వెనక పెద్ద బండ దొర్లినట్టు చప్పుడైంది. కాళ్ల కింద నేల అదిరింది. అందరూ పరుగెత్తి చూస్తే సందు లేదు. గోడ పొడుగునా ఇటుకల కుప్ప. వాళ్లు కూర్చునే చోట పూలమ్మ వదిలిపెట్టిన కుంపటి ఎక్కడుందో కూడా తెలియలేదు.

చిలుకమ్మ తన పసిబిడ్డను ఒళ్లోకి గట్టిగా లాక్కుంది. పూలమ్మ మెల్లగా యాకమ్మ వైపు తిరిగింది.

"పామును నిజంగ చూసినవా?"

"లేదక్కా."

"మరి గోడ వడ్తదని నీకెట్ల ఎర్క?"

"ఆ రైల్వే సారు చెప్పిండు."

ఆ మాట అన్నాక గాని తను ఏం చేసిందో ఆమెకు తెలియలేదు. బతికి బయటపడ్డామన్న ఊపిరి తిరగకముందే ఒకరి ముఖాలొకరు చూసుకున్నారు. పడబోయే గోడ పరాయివాడికి ముందే ఎలా తెలుస్తుంది? పడగొట్టేవాడికి తెలుస్తుంది. వారం వారం అందుకే వచ్చాడు. కొంచెం కొంచెంగా తవ్వి ఉంటాడు. మధ్యాహ్నానికి ఆ మాట వాడంతా పాకింది. మాపటికి రాంచందర్ చెవిన పడింది. అతను వచ్చి కుప్ప చుట్టూ తిరిగి, "అట్లనా? గురువారం వస్తడా?" అని మాత్రం అన్నాడు.

గురువారం వెంకట్రాజం సైకిల్ దిగుతుండగానే చుట్టుముట్టారు. ఎవరో సంచి గుంజారు. టిఫిన్ గిన్నె రోడ్డు మీద పడి అన్నం చెదిరింది. అతను పడిపోయిన గోడ వైపు చూస్తూ "ఎవలకన్న తాకిందా?" అని అడుగుతున్నాడు గాని, తన కాలర్ పట్టుకున్న చేతిని విడిపించుకోవడం లేదు. "చూడు, ఎంత నాటకమో" అన్నాడు రాంచందర్. జనమంతా అతన్ని ఠాణాకు నడిపించారు.

యాకమ్మ గదిలోనే నిలబడిపోయింది. అతను ఇటుకలు కెలకడం తను చూడలేదు. ప్రతిసారీ వెనకే నడిచింది, అతని చెయ్యి గోడకు తాకలేదు. కానీ తను కళ్లార్పినప్పుడు? తను లేనప్పుడు గోడ దూకి ఉంటే? ఆ గోడ ఊరికే ఎందుకు పడుతుంది? ఆలోచిస్తూ ఉంటే ఒక సంగతి మీద ఆగింది. పైన దూలాలున్నన్నాళ్లూ గోడ చెక్కు చెదరలేదు. నాలుగు గోడలనూ పట్టి ఉంచినవి అవే. అవి లారీలెక్కిన తర్వాతే పగులు వచ్చింది. ఆ లారీలకు గేటు తీసింది తనే.

"పోకు" అన్నాడు ఉప్పలయ్య, ఆమె ముఖం చూసి. "పోయి చెప్తె, బయటోన్ని లోపలికి తోలినవని ఒప్పుకున్నట్టే. అర్ర పోతది. నేను ఈ దమ్ముతోటి యాడ పండాలె?"

"నువ్వు చెప్పింది నిజమేనయ్యా" అంది యాకమ్మ. చెంబుతో నీళ్లు మంచం పక్కన పెట్టి, కొంగు దోపుకుని బయల్దేరింది.

ఠాణా వరండాలో వెంకట్రాజం నేల మీద కూర్చుని ఉన్నాడు. లోపల ఎస్సై ముందు రాంచందర్ కుర్చీలో ఉన్నాడు. "పాడుబడ్డ ఇండ్లళ్ల తిరుగుడేంది? నీ ఎనుక ఎవలున్నరు?" అని ఎస్సై కూర్చున్న చోటి నుంచే అడుగుతున్నాడు. "ఎవలు లేరు సార్. ఊకెనే చూస్త" అంటున్నాడు వెంకట్రాజం. ఆ జవాబు అతన్ని ఎంత ముంచుతోందో అతనికి తెలియడం లేదు.

"సారూ, ఆయన్ను నేనే లోపలికి తోలిన" అంది యాకమ్మ.

రాంచందర్ గిరుక్కున తిరిగాడు. "పిట్టను గూడ పోనియ్యకన్న గద!"

"పోనిచ్చిన చిన్న సేటూ. కాని వచ్చినప్పుడల్ల ఎనుకనే ఉన్న. దొంగేమొ అని నాకు గూడ శానా అనుమానం ఉండె. ఆయన ఒక్క ఇటుక ముట్టలే. గోడ వంగుతాందని చెప్పింది ఆయనే. ఆయన చెప్పకపోతె ఇయ్యాల ఆ ఆడోళ్లు ఇటుకల కిందుందురు." ఆమె ఎస్సై వైపు ఇంకో అడుగు వేసింది. "మీద దూలాలు తీసినంకనే గోడ వంగింది సారూ. ఎండకాలం లారీలల్ల తీస్కపోయిన్రు. పగిలిందని నేను చిన్న సేటుకు చెప్పిన. ఇనలే."

"దూలాలు తీసిండ్రా?" అన్నాడు ఎస్సై రాంచందర్‌తో. కంప్లయింటు చెప్పేటప్పుడు ఆ మాట అతను అనలేదు.

"రిపేరుకు తీసినం సార్..."

"పదండి, చూద్దాం" అంటూ ఎస్సై లేచి టోపీ తీసుకున్నాడు.

మిల్లులో మొండిగోడల మీద దూలాలు ఊడదీసిన గుంతలు ఎవరూ చూపించకుండానే కనబడుతున్నాయి. ఎస్సై అటు చూశాడు, ఇటుకల కుప్ప చూశాడు, రాంచందర్‌ను చూశాడు. సాయంత్రం కాకముందే వెంకట్రాజాన్ని వదిలేశారు. ఇంకెప్పుడూ ఇటు రావద్దని మాత్రం గట్టిగా చెప్పారు. రాంచందర్ మీద కేసేమీ కాలేదు. అతను మరునాడు పొద్దున్నే వచ్చి తాళాల గుత్తి అడిగాడు. యాకమ్మ బొడ్లోంచి తీసి ఇచ్చింది.

సామాను బయట పెట్టి, ఉప్పలయ్యను గోడకు ఆనించి కూర్చోబెట్టిందో లేదో, పూలమ్మ వచ్చి మంచం ఒక కోడు పట్టుకుంది.

"మా ఇంటెనుక కొట్టమున్నది. నడువు."

"నీకెందుకక్కా తిప్పలు?"

"మాట్లాడకు. పట్టు ఆ పక్క."

ఉప్పలయ్యను మంచం మీదే పడుకోబెట్టి ఇద్దరూ మోశారు. సగం దూరం నడిచాక పూలమ్మ మంచం దించి, చెమట తుడుచుకుంటూ అడిగింది. "యాకమ్మా, నిజం చెప్పు. ఆయనకు ఏ లంకెబిందెలు దొరకలేదంటవా?" యాకమ్మ నవ్వి, మంచం తన వైపు కోడు ఎత్తింది.

అప్పట్నుంచి ఆమె కూడా పూలమ్మ పక్కన చాట పట్టింది. ఆ ఏడాది దసరా అయ్యాక ఒక రోజు, బీడీలు అప్పజెప్పి రంగశాయిపేట వైపు నుంచి వస్తుంటే, కొత్తగా మూతబడ్డ నూనె మిల్లు గేటు ముందు సైకిల్ కనబడింది. వెంకట్రాజమే. ముసలి కాపలాదారు ఒకడు అతని సంచిలో చెయ్యి పెట్టి కెలుకుతున్నాడు. యాకమ్మ రోడ్డు దాటింది.

"పోనియ్యి తాతా. మంచోడే. ఏం తీస్కపోడు."

వెంకట్రాజం ఆమెను చూసి రెండు చేతులూ జోడించాడు. ముసలాయన ఇద్దరినీ మార్చి మార్చి చూశాడు.

"నువ్వెవలమ్మా? ఈయనతోటి వచ్చినవా?"

"లేదు. నా తొవ్వన నేను పోతాన."

"తొవ్వన పోయేదానికి ఈయన మంచోడని నీకెట్ల ఎర్క?"

ఎక్కడ మొదలుపెట్టి చెప్పాలో యాకమ్మకు తెలియలేదు. ముసలాయన చాలాసేపు ఆలోచించి, వెంకట్రాజాన్ని లోపలికి వదిలాడు. ఆమెను మాత్రం బయటే ఉండమన్నాడు. ఆమె అక్కడే రాయి మీద కూర్చుంది. లోపలికి వెళ్లిన మనిషిని మర్చిపోయి, ముసలాయన కర్ర పట్టుకుని ఆమెనే కనిపెట్టుకుని ఉన్నాడు.